ఒక్క పాళీలో తీసిన రికార్డు

పోయిన నెల మా ఇంట్ల పెద్ద లొల్లి అయింది. పైసల కోసం కాదు, జాగ కోసం కాదు. పాట కోసం. చివరికి పైసల మీదికే వచ్చిందనుకోండి, కాని మొదలు మాత్రం పాటే.

మా మనుమడు గిటారు కొడ్తడు. పొద్దంత టవల్ కార్ఖానాల కంప్యూటర్ మీద జాకార్డు డిజైన్లు తీస్తడు, రాత్రి దోస్తులతోని ఒక గోదాముల కూడుతరు. నలుగురు పోరగాండ్లు. ఇప్పుడు వాళ్ళు పుణె పోయి, స్టూడియోల కూసోని మొదటి ఆల్బం తీస్తరట. వీని వంతు 18 వేలు. వాని నాయన, అంటె నా కొడుకు, ఒక్క పైస ఇయ్యనన్నడు. "అది పాటనా నాయినా? మనిషి మొత్తుకుంటున్నట్టు ఉన్నది. నువ్వే విని చెప్పు" అని నన్ను మధ్యల పెట్టిండు.

నాకు చెవులు సగమే. నలభై ఏండ్లు సాంచాల మధ్య నిలబడ్డోనికి చెవులెక్కడివి? మాలాంటోళ్ళం పెదవులు చూసి మాట అర్థం చేసుకుంటం, చేతులతోని సైగలు చేసుకుంటం. ఇంట్ల టీవీ పెద్దగ పెడ్తనని కోడలు కోపం చేస్తది. అటువంటి నా తలకు మనుమడు హెడ్‌ఫోను తగిలించి, "విను తాతా" అన్నడు.

నిజం చెప్తున్న, చానా ఏండ్ల తర్వాత ఒక పాట నాకు పూరా వినవడ్డది.

వాడు కొట్టేదాన్ని మెటల్‌కోర్ అంటరట. వాడు చెప్పినట్టే రాస్తున్న. మెటల్ అని ఒక రకం, హార్డ్‌కోర్ పంక్ అని ఇంకొక రకం, రెండూ పెనవేసుకుంటె ఇది పుట్టింది. పాడెటాయన కొంతసేపు గొంతు చించుకొని అరుస్తడు, కొంతసేపు సక్కగ రాగం తీస్తడు. నడుమ బ్రేక్‌డౌన్ అని వస్తది. అప్పటిదాక ఉరికిన పాట ఒక్కసారి నిదానమై, గిటార్లు, డోళ్ళు అన్నీ కలిసి ఒకే చోట సమ్మెట దెబ్బలు వేసినట్టు వేస్తయి. అది విన్నంక నేను నవ్విన. వాడు "ఎందుకు తాతా" అన్నడు.

షెడ్డుల నలభై సాంచాలు తిరుగుతుంటె ఎవని తాళం వానిదే. ఒకటి ముందు, ఒకటి వెనుక, గోల గోల. కాని ఎప్పుడన్న ఒకసారి, ఎవరూ చెప్పకుండనే, నాలుగైదు సాంచాలు ఒకే దెబ్బ మీద కలుస్తయి. కాళ్ళ కింద బండ అదురుతది. పది ఇరవై దెబ్బలు పడంగనే మళ్ళ విడిపోతయి. మాకు అది పండుగ. జాబర్ చూడకుంట ఒకరి మొఖం ఒకరం చూసుకొని తల ఊపేటోళ్ళం. వాని బ్రేక్‌డౌన్ అదే. మెటల్‌కోర్‌ల పేరున్న బ్యాండ్లు కొన్ని అమెరికాల మసాచుసెట్స్ అనే రాష్ట్రం నుంచి వచ్చినయట. మనుమడు దేవునిలెక్క చూసే కిల్‌స్విచ్ ఎంగేజ్ కూడ అక్కడిదే, వాళ్ళ మొదటి ఆల్బం 2000 సంవత్సరంల వచ్చింది. ఆ రాష్ట్రంలనే లోవెల్, లారెన్స్ అని పాత బట్టమిల్లుల ఊర్లున్నయి. 1912ల లారెన్స్‌ల పని గంటలు తగ్గించి, దానితోపాటు కూలి కూడ కోసేసరికి వేల మంది ఆడోళ్ళు మొగోళ్ళు మిల్లు వదిలి రోడ్డు మీదికి వచ్చిన్రు. అది వేరే కథ.

"ఇదంత ఎక్కడ మొదలైందిరా?" అని అడిగిన. అప్పుడు వాడు తీసిండు అసలు రికార్డు. బ్లాక్ సబ్బాత్ అని బ్యాండు పేరు, వాళ్ళ మొదటి ఆల్బం పేరు కూడ అదే. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు, ఇంగ్లాండుల వచ్చింది. మెటల్ అనే చెట్టుకు అదే వేరు అని చానా మంది అంటరు. మెటల్‌కోర్ దానికి మునిమనుమడు అనుకోండి.

వీళ్ళది బర్మింగ్‌హామ్ నగరంల ఆస్టన్ అనే పేట. కార్ఖానాల పేట. మన పేట లెక్కనే ఇండ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉంటయి. పాడెటాయన ఆజీ ఆస్‌బోర్న్ ఇంట్ల ఆరుగురు పిల్లలు, పడుకునే అర్రలు రెండు. తండ్రి రాత్రి పాళీ, తల్లి పగటి పాళీ. తల్లి కార్ల సామాన్లు తయారుచేసే కార్ఖానాల చేసేది. కొడుకును కూడ అక్కడే పెట్టిచ్చింది, కార్ల హారన్లు సరిగ మోగుతున్నయా లేదా అని చూసే పని. పొద్దుగాల నుంచి పొద్దుగూకె దాక హారన్లే! పశువులను కోసే కబేళాల కూడ చేసిండు. దొంగతనం చేసి జైలుకు కూడ పోయొచ్చిండు. గిటారాయన టోనీ అయోమీ. పెద్ద గిటారు, అంటె బేస్, గీజర్ బట్లర్ కొడ్తడు, పాటల మాటలు ఎక్కువ ఆయనే రాసిండు. డోళ్ళు బిల్ వార్డ్.

ఇప్పుడు టోనీ అయోమీ సంగతి చెప్తా. నేను ఈ వ్యాసం రాసేది దీని కోసమే.

ఆయన 17 ఏండ్ల పిల్లగాడు. రేకుల కార్ఖానాల పని. పాట మీదనే బతుకుదామని నౌకరీ వదులుతున్నడు, అది చివరి రోజు. మధ్యాహ్నం ఇంటికి వచ్చి, ఇంక పోనులే అన్నడట. తల్లి, మొదలుపెట్టిన పని సగంల వదలొద్దు, పోయి రోజు పూర్తి చేసి రా అని పంపింది. ఆ రోజు రేకులు కోసే యంత్రం మీద చేసే మనిషి రాలే. అలవాటు లేని వీన్ని దాని ముందర నిలబెట్టిన్రు. యంత్రం వచ్చి చెయ్యి మీద పడ్డది. భయంతోని వెనుకకు గుంజుకున్నడు. కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయినయి. ఆయన ఎడమచేతి వాటం మనిషి, తీగలు ఒత్తిపట్టేది కుడిచేతితోనే. డాక్టర్లు ఇంక గిటారు మరిచిపో అన్నరు.

ఇక్కడికి వచ్చేసరికి మనుమడు ఆగిండు. నా చెయ్యి దిక్కు చూసిండు. మా ఇంట్ల ఈ ముచ్చట ఎవరూ తియ్యరు.

నాది 1984. నాకు 25 ఏండ్లు. మిల్లు పేరు రాయను. గేర్ల దగ్గర దూది పేరుకుంటె సాంచా ఆపకుండనే తుడువుమనేటోళ్ళు, ఆపితే ఉత్పత్తి తగ్గుతదని. అందరం అట్లనే తుడిచేది. ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు, రెండింటి కొసలు పోయినయి. నష్టపరిహారం అని ఏదో ఇచ్చిన్రు, నా పెండ్లాం పుస్తెలు విడిపించేటందుకే సరిపోయింది. నెలన్నరకు మళ్ళ పాళీకి పోయిన. సాంచా నడిపేటందుకు ఆ కొసలతోని పనే లేదు, అదొక విచిత్రం. పని ఉన్నది వేరేదానికి. నేను బుల్‌బుల్ తరంగ్ కొట్టేటోన్ని. మన షోలాపూర్‌ల బెంజో అంటం. ఎడమచేతి వేళ్ళతోని మెట్లు ఒత్తాలె, కుడిచేతితోని తీగలు మీటాలె. భజనలల్ల, నారళీ పున్నమికి మార్కండేయ రథం తీసినప్పుడు, పెండ్లి బరాతులల్ల, ఎక్కడన్న నా బెంజో లేకుంటె పిలుపు వచ్చేది. వేళ్ళు పోయినంక పెట్టెలపెట్టి అటుక మీద వేసిన. 41 ఏండ్లు అయింది.

టోనీ అయోమీ కూడ అట్లనే మంచంల పడి ఉంటె, ఆయన కార్ఖానా మేనేజరు ఒక రికార్డు తెచ్చి విను అన్నడట. వద్దు, నాకిప్పుడు గిటారు వినాలని లేదన్నడు వీడు. అయినా వినిపించి, అప్పుడు చెప్పిండు: ఇది కొట్టెటాయనకు ఎడమచేతిల రెండు వేళ్ళు పనిచెయ్యవు అని. ఆ కొట్టెటాయన పేరు జాంగో రైన్‌హార్ట్. 1928ల ఆయన ఉండే బండికి నిప్పంటుకొని చెయ్యి కాలిపోయింది, మిగిలిన వేళ్ళతోనే యూరప్ అంత పేరు తెచ్చుకున్నడు.  నాకు ఆ మేనేజరు మీద మస్తు మనసైంది. నాకు జాబర్ బత్తాయిలు తెచ్చిండు, మంచోడే, కాని ఎవరూ రికార్డు తేలే.

తర్వాత వాడు ఏం చేసిండంటె, గిన్నెలు తోమే సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసాను కరిగించిండు. ఉండ చేసిండు. వేడి ఇనుముతోని బొక్క పొడిచి, వేలికి పట్టేటట్టు గరుకు కాగితంతోని రుద్ది రుద్ది టోపీలు చేసిండు. దర్జీ వేలికి పెట్టుకునే అంగుస్తానా లెక్క. ఉత్త ప్లాస్టిక్ తీగ మీద జారుతుంటె పాత తోలు కోటు ముక్కలు కోసి పైన అతికించిండు. రెండో కష్టం తీగలది. ఆ టోపీలతోని మందపు తీగలు ఒత్తుడు కష్టం. సన్నతీగలు అప్పుడు దుకాణంల దొరకకపోయె. బాంజో తీగలు తెచ్చి గిటారుకు కట్టిండు. (ఆ బాంజో వేరు, మన బెంజో వేరు. పేర్లు కలిసినయి అంతే.) ఇంకొన్నేండ్లకు, 1971ల వచ్చిన మూడో రికార్డు నాటికి, తీగలను మూడు మెట్లు కిందికి వదులు చేసిండు. పడుగు బిగువు తగ్గితే బట్ట ఎట్ల మారుతదో నేసినోళ్ళకు చెప్పే పనిలేదు. తీగ కూడ అంతే. వదులైతే లోతుగ, బరువుగ మోగుతది. ఇయ్యాల మెటల్ కొట్టే పిల్లలందరూ ఆ లోతు కోసమే తీగలు దించుకుంటరు, మా వాడు కూడ.

బ్యాండు ఎట్ల కలిసిందనేది కూడ చెప్పాలె, ఎందుకంటె మా ఇంటి లొల్లికి అదే జవాబు అయింది. ఆజీకి పాడాలని పిచ్చి. వాని నాయన పనిముట్లు చేసే కార్మికుడు, పైసలున్న మనిషి కాదు. అయినా 250 పౌండ్లు అప్పుచేసి కొడుక్కు మైకుసెట్టు కొనిచ్చిండు. ఆ దినాలల్ల అది కూలోనికి చిన్న మాట కాదు. వీడు వాద్యాల దుకాణంల చీటీ అంటించిండు, నేను పాడుత, సొంత మైకుసెట్టు ఉన్నది అని. గొంతు చూసి కాదు, మైకుసెట్టు చూసే జనం వచ్చిన్రు అనుకోవచ్చు! టోనీ, బిల్ ఆ చీటీ పట్టుకొనే వాని ఇల్లు వెతుక్కుంట పోయిన్రు. టోనీ, ఆజీ ఒకే బడిల చదివినోళ్ళు. ఆ ఆజీయేనా, వానికి పాటేం వస్తది అని టోనీ తలపట్టుకున్నడట.

మొదట వాళ్ళ బ్యాండు పేరు ఎర్త్, అంటె భూమి. అదే పేరుతోని ఇంకొక బ్యాండు ఉందని మార్చుకున్నరు. 1963ల వచ్చిన ఒక దయ్యాల సినిమా పేరు పెట్టుకున్నరు. పైసలు పెట్టి మరీ జనం భయపడేటందుకు పోతున్నరు గద, మనం భయపెట్టే పాట ఎందుకు కట్టొద్దు అనుకున్నరు. అందుకే వీళ్ళు దయ్యాన్ని కొలుస్తరని పేరు పడ్డది. ఉత్తదే. మెడల శిలువలు వేసుకునేటోళ్ళు, ఆ శిలువలు ఆజీ నాయన తన కార్ఖానాలనే చేసిచ్చిండు.

1969 అక్టోబరు 16. లండన్‌ల రీజెంట్ సౌండ్ అనే స్టూడియో. రాడ్జర్ బెయిన్ అనెటాయన ప్రొడ్యూసరు. దినమంత, పన్నెండు గంటల పని. ఇంతే! ఎప్పుడూ మేడ మీద కొట్టినట్టే నిలబడి కొట్టిన్రు, రికార్డు అయింది. కలపుడు, సరిచేసుడు మరుసటి రోజు. వీళ్ళు అప్పటికే స్విట్జర్లాండుకు ప్రోగ్రాం ఇచ్చేటందుకు పోయిన్రు. మనుమడు ఇది చెప్తుంటె నాకు మన పన్నెండు గంటల పాళీలు యాదికొచ్చినయి. ఒక్క పాళీల ఒక రికార్డు. టవల్ కార్ఖానాల ఒక పాళీల ఎంత బట్ట దిగుతదో మనకు తెలుసు, అది ఏడాదిల చినుగుతది. ఇది 55 ఏండ్ల నుంచి మోగుతున్నది.

మొదటి పాట బ్యాండు పేరు మీదనే ఉన్నది. ముందు వాన, ఉరుము, దూరంగ గుడి గంట. అవి ప్రొడ్యూసరు తర్వాత చేర్చినయి. ఆనక గిటారు మూడు స్వరాలు కొడ్తది. నేను రెండుసార్లు విని మూడోసారి పట్టుకున్న. స, పైస్థాయి స, అక్కడి నుంచి నడుమకు దిగి తీవ్ర మ. ఆ స నుంచి తీవ్ర మ దాక ఉండే ఎడాన్ని పాశ్చాత్యులు సైతాను స్వరం అనేటోళ్ళట. నాకు నవ్వాగలే. మన యమన్ రాగంల సాయంత్రం పూట హాయిగ పలికేది అదే తీవ్ర మధ్యమం! స్వరంల సైతాను లేడు, ఎట్ల నిలబెడ్తమో దాంట్ల ఉన్నది. వాళ్ళు దాన్ని ఒంటిగ నిలబెట్టి, చుట్టూ ఏం లేకుంట చేసి, వణికిచ్చిన్రు. వినెటోనికి వెన్ను చల్లబడ్తది.

రికార్డు అట్ట మీద బొమ్మ కూడ చూడాలె. ఒక పాత ఇల్లు, ముందర నల్ల బట్టల ఆడమనిషి. అది ఇల్లు కాదు, మేపుల్‌డరమ్ అనే ఊర్ల నీటితోని తిరిగే పిండిమిల్లు. నేను మిల్లు అంటనే అద్దాలు పెట్టుకొని మళ్ళ చూసిన.

అప్పటి పెద్ద పత్రికలు దీన్ని తిట్టినయి. అయినా ఇంగ్లాండుల అమ్మకాల పట్టీల 8వ స్థానం, అమెరికాల 23వ స్థానం దాక పోయింది. కొన్నది ఎక్కువ కార్ఖానా పిల్లలే అయ్యుంటరని నా అంచనా. అచ్చు యంత్రాల మోత మధ్య పెరిగినోని చెవికి అది లొల్లి లెక్క అనిపియ్యది, ఇంటి చప్పుడు లెక్క అనిపిస్తది. నాకట్లనే అనిపించింది. అన్ని పాటలూ నచ్చినయని కాదు, రెండో వైపు గిటారు చానాసేపు సాగదీసిండు, నేను కునుకు తీసిన.

ఆ రాత్రి కొడుక్కు చెప్పిన, నా పోస్టాఫీసు పైసలల్లకెల్లి 18 వేలు పిల్లగానికి ఇస్తున్న అని. ఆజీ నాయన మైకుసెట్టు కథ కూడ చెప్పిన. కొడుకు ఊకున్నడు. కొంచెంసేపటికి అన్నడు: "నేను పదో తరగతి పాసైనప్పుడు డ్రాయింగు కాలేజీకి పోత అన్న. యాదున్నదా నాయినా? ఫీజు లేదన్నవు. మరుసటి రోజు నన్ను సాంచా మీద నిలబెట్టినవు."

యాదున్నది. అప్పుడు పైసలు నిజంగనే లేవు. కాని అప్పు కూడ అడగలే నేను, ఎవరినీ. పాళీ భోంగా కొట్టంగనే వాన్ని వెంటబెట్టుకొని పోయిన. వాడు టవల్ల మీద పూలు, నెమళ్ళు దించే డిజైన్ చూసి, "ఇది నేనైతే ఇంక మంచిగ గీస్తు" అనేటోడు. నేను విననట్టు ఉండేటోన్ని. చెవులు పోయినయని అందరికీ తెలుసు గద, ఆ సాకు పనికొచ్చింది. వానికి ఏం జవాబు చెప్పాలె? చెప్పలే. ఎనిమిది రోజులు నాతోని మాట్లాడలే వాడు. తొమ్మిదో రోజు పొద్దుగాల చాయ్ ఇచ్చుకుంట, "పుణెకు ఎప్పుడు పోతున్నరట?" అన్నడు. అంతే. ఆ మాట పైసలు ఇచ్చుడు మీద కోపమో, కోపం తగ్గినట్టో నాకింక తెల్వదు.

మనుమడు ఒక వీడియో కూడ చూపించిండు. 2025 జూలై 5న అదే ఆస్టన్‌ల, విల్లా పార్కు మైదానంల, నలుగురు ముసలోళ్ళు మళ్ళ ఒక్కటై చివరిసారి పాడిన్రు. ఆజీ చిన్నప్పటి ఇంటికి దగ్గరి మైదానమే అది. వణుకుడు జబ్బుతోని నడవలేక కుర్చీల కూసోనే పాడిండు. వచ్చిన ఆదాయం ఆ జబ్బు పరిశోధనకు, పిల్లల దవాఖానకు, పిల్లల హాస్పిస్‌కు. 17 రోజులకు, జూలై 22న చనిపోయిండు. 76 ఏండ్లు. టోనీ అయోమీ పక్కన నిలబడి కొడ్తున్నడు, వేళ్ళకు ఇప్పటికీ టోపీలే.

పోయిన ఆయితారం మనుమడు అటుక మీదికెల్లి నా బెంజో దించిండు. తీగలన్నీ తుప్పు, రెండు మెట్లు ఇరిగినయి. అవి బాగుచేయిస్తడట. ప్లాస్టిక్ సీసా మూత కరిగించి నా వేళ్ళకు టోపీలు కూడ చేసిండు. ఒకటి మంచిగనే కూసున్నది, ఇంకొకటి జారుతున్నది. "తోలు కావాలె తాతా" అన్నడు.

నిన్న చౌకుల మోచీ దగ్గరికి పోయిన. కోటు తోలు లేదు, చెప్పుల మీది మెత్త తోలు ఉన్నదన్నడు. కొలత ఎంత అని అడిగిండు. జేబుల నుంచి ఎడమచెయ్యి తీసి ఆయన ముందర పెట్టిన.